నగలోంచి రాని నగిషీ

నగ మీద చెక్కేది కాబట్టి నగిషీ అన్నారని చిన్నప్పుడు నమ్మేవాణ్ణి. వినడానికి అంత చక్కగా అతుకుతుంది మరి. కానీ నగ మన ద్రావిడ మాట. తమిళంలో ‘నగై’ అంటే ఆభరణమే కాదు, నవ్వు కూడా. నగిషీ మాత్రం అరబ్బీలో పుట్టి, పారశీకం మీదుగా మన దాకా వచ్చింది. అరబ్బీ ‘నక్ష్’కు గీయడం, చెక్కడం అని అర్థాలు. ఆ పనివాడు నక్కాష్, అతని విద్య నక్కాషీ. మన నోట ‘క’ మెత్తబడి ‘గ’ కావడం దీనికొక్కదానికే జరగలేదు. నక్ద్ నగదైంది, నక్కారా నగారా అయింది. ఆ వరసలోదే నగిషీ.

ఇరాన్‌లో పర్సెపోలిస్ దగ్గర నక్ష్-ఎ-రుస్తుం అనే చోట, నిలువు కొండరాతి మీద ససానియన్ రాజుల ఉబ్బెత్తు శిల్పాలున్నాయి. క్రీ.శ. 260లో రోమన్ చక్రవర్తి వలేరియన్‌ను బందీగా పట్టిన మొదటి షాపూర్ విజయం వాటిలో ఒకటి. తర్వాతి తరాలవారు ఆ రాజులను మరిచిపోయి, తమ కథల్లోని వీరుడు రుస్తుం బొమ్మలే ఇవి అనుకున్నారు. పేరు అలా నిలిచింది. బెంగాల్‌లో పాత చీరల పొరల మీద దారంతో కుట్టే నక్షీ కాంథాలోనూ ఉన్నది ఈ మాటే.

తెలుగునేల మీద ఇది పాయలు పాయలుగా చీలింది. చేర్యాలలో గుడ్డ మీద కులపురాణాలు చిత్రించేవారు నకాషీలు. నిర్మల్‌లో పొణికి కర్రతో బొమ్మలు చేసేవారికీ అదే పేరు. పొలం హద్దు తగాదా వస్తే తెలంగాణ రైతు అడిగేది గ్రామ నక్ష. ఇవన్నీ ‘క’ను వదల్లేదు. ‘గ’ పలికిన నగిషీ మాత్రం లోహానికీ, చెక్కకూ, రాతికీ అంటుకుపోయింది; చివరికి వాక్యాలకూ నగిషీలు చెక్కుతున్నాం.

మాట కొత్తదే గాని పని కొత్తది కాదు. అమరావతి స్తూపం పలకల మీద ఉబ్బెత్తు బొమ్మలు రెండు వేల ఏళ్ల నాటివి. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకును వెనకనుంచి మొత్తి బొమ్మను పైకి లేపుతారు. తర్వాత తిరగేసి కన్నూ ముక్కూ, ఆకుల ఈనెలూ సన్న ఉలితో తీరుస్తారు. అలాంటి రేకు దొరికితే ముందువైపు చూసి ఊరుకోకండి, వెనక్కి తిప్పండి. అక్కడ హంస మెడ ఉండాల్సిన చోట గుంట ఉంటుంది, ఆ గుంట నిండా సుత్తి దెబ్బలుంటాయి.