బాహుదా ఒడ్డున ఒక బుధవారం

ఫిబ్రవరి 28 దగ్గర పడుతోంది, మదనపల్లె మీద నాలుగు పేజీలు కావాలని పత్రిక నుంచి ఫోన్ వచ్చిన రోజే, బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడూ ఫోన్ చేశాడు. వాడి గొడవ వేరు.

"మామా, సెలవులకి బెల్‌గ్రేడ్ పోదామనుకుంటా ఉన్నాం. యూరప్‌లో చవకగా చూసి రాగలిగే ఊరంట. రెండు నదులు కలిసే చోట పెద్ద కోట ఉందంట. సిటీ బస్సుకి టిక్కెట్టే లేదంట!"

ఉన్న మాటే. సావా నది దాన్యూబ్‌లో కలిసే మలుపు మీద కలెమెగ్దాన్ కోట ఉంది. 2025 జనవరి నుంచి అక్కడి సిటీ బస్సులు ఉచితం. కాకపోతే ఒకప్పుడు మనవాళ్లు 30 రోజులకు వీసా లేకుండా వెళ్లొచ్చేవారు. 2023 జనవరితో ఆ ముచ్చట తీరిపోయింది. ఇదంతా చెప్పి, "నది పక్కన చవకైన ఊరే కావాలంటే మదనపల్లెకు రారాదా, మనకూ బాహుదా ఉంది కదా" అన్నాను. అవతల కాసేపు మాటలేదు.

"బాహుదాలో నీళ్లుంటాయా మామా?"

సమాధానం తర్వాత చెబుతానన్నాను. ఈలోగా నాకొకటి గుర్తుకొచ్చింది. వాడు పోదామనుకునే ఊరినీ, నేను రమ్మన్న ఊరినీ చూసిన మహానుభావుడు ఒకరున్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో మదనపల్లెలో ఉన్నారు, 1926 నవంబరులో బెల్‌గ్రేడ్‌లో ఉపన్యసించారు. ఆయన ప్రయాణాల చిట్టాలో ఈ రెండూ పక్కపక్కనే ఉండాల్సిన పేర్లని నాకనిపిస్తుంది. ఎవరూ అలా రాయరు, అది వేరే విషయం.

ముందు ఊరి చరిత్ర చెప్పడం మర్యాద కాబట్టి చెబుతాను, త్వరగా. మర్యాద రామన్న పేరుమీద వెలసిన ఊరే నోళ్లలో నలిగి మదనపల్లె అయిందని ఒక కథ. 1618లో అహోబిల నాయుడు కట్టించాడని మరో మాట. 2018లో నాలుగు వందల ఏళ్ల పండగ లెక్క ఆ రెండో మాట మీదే నడిచింది. తర్వాత పాళెగాళ్లు, నవాబులు, హైదరాలీ, టిప్పు. 1800లో దత్తమండలాల పేరుతో ఈ సీమ కంపెనీ చేతికి పోయింది. థామస్ మన్రో వచ్చి, పొలాలు కొలిపించి, శిస్తు రాయించాడు. ఆయన ఇక్కడొక పూరింట్లో మకాం ఉండేవాడని ఊళ్లో చెబుతారు. ఆ తర్వాత కడప కలెక్టర్ హార్స్‌లీ దొర ఎండకు తాళలేక ఏనుగు మల్లమ్మ కొండ మీద బంగ్లా కట్టుకుంటే, ఆ కొండ పేరే మారిపోయింది. మల్లమ్మకు గుడి మిగిలింది. రైలొచ్చింది కానీ ఊళ్లోకి రాలేదు. స్టేషన్ పేరు 'మదనపల్లె రోడ్డు'. పేరు చివర రోడ్డు ఉన్న స్టేషన్లో దిగినవాడికి తెలుసు, ఊరు ఇంకా ముందుందని. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే కడప నుంచి మదనపల్లె అందులోకి వచ్చింది. మూడు శతాబ్దాలు అయిపోయాయి.

ఇక అసలు కథ.

1915లో అనీబిసెంట్ ఇక్కడ దివ్యజ్ఞాన కళాశాల పెట్టించారు. అంతకు ఇరవై ఏళ్ల ముందు ఇదే ఊళ్లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని అప్పటికే ఆమె ప్రపంచానికి చూపించడం మొదలుపెట్టారు. హోంరూల్ ఉద్యమంతో సర్కారుకు ఆమె కంట్లో నలుసైంది. ఆ సెగ కాలేజీకీ తగిలి మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు పోయింది. అప్పుడు జాతీయ విశ్వవిద్యాలయమని అడయారులో సొంతంగా ఒకటి పెట్టుకున్నారు. దానికి ఛాన్సలర్ ఎవరయ్యా అంటే ఠాగూర్. అంటే ఆయన మదనపల్లె రావడం ఊరికే షికారు కాదు, ఒకరకంగా తన సొంత కాలేజీని చూసుకోవడం.

ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్, ఐర్లండ్ కవి. 1916లో డబ్లిన్ తిరుగుబాటును మెచ్చుకుంటూ బిసెంట్ గారి పత్రికలోనే రాసి, ఆ ఉద్యోగం పోగొట్టుకుని పంతులైన మనిషి. భార్య మార్గరెట్ సంగీతంలో డిగ్రీ చేసింది. ఆడవాళ్ల ఓటు కోసం లండన్‌లోనూ ఐర్లండ్‌లోనూ జైళ్లు చూసొచ్చింది. ఇలాంటి దంపతులు రాగిసంగటి తినే ఊళ్లో కాపురం పెట్టారు.

దక్షిణాది పర్యటనలో అలసిపోయిన ఠాగూర్ ఫిబ్రవరి 25న వచ్చి మార్చి 2 దాకా ఉన్నారు. కాలేజీలో ప్రతి బుధవారం రాత్రి భోజనాలయ్యాక పిల్లలూ పంతుళ్లూ కూర్చుని పాటలు పాడుకోవడం అలవాటు. ఫిబ్రవరి 26 బుధవారమే. నేనూ వస్తానన్నారు ఠాగూర్. అందరి పాటలూ అయ్యాక, నేనొకటి పాడతానన్నారు.

ఆ గది నాకు కళ్లకు కట్టినట్టు ఉంటుంది. యాభై ఏడేళ్ల మనిషి, పెద్ద విగ్రహం, గడ్డం. అంత మనిషి నుంచి అంత సన్నని గొంతు వస్తుందని కజిన్స్ ఊహించలేదట. పాట మొదలైతే దేశాల పేర్లు, కొండల పేర్లు, నదుల పేర్లు. ఇదేదో భూగోళ పాఠంలా ఉందే అనుకున్నాడట. పల్లవి తిరిగొచ్చేసరికి చెవులు రిక్కించారు. రెండో చరణం దాటాక గొంతులు సవరించుకున్నారు. ఆ తర్వాత మళ్లీ మళ్లీ పాడించుకుని, అందరూ నోరు కలిపారు. ఇప్పుడు మనం ఒక్క చరణం 52 సెకన్లలో ముగించే పాటది. ఆ రాత్రి ఎవరికీ గడియారంతో పనిలేదు.

తర్వాత మార్గరెట్ కవిగారి దగ్గర కూర్చుని స్వరాలు పట్టి రాసుకుంది. తను కూర్చిన వరుస వినిపించి ఆయన చేత సరే అనిపించుకుంది. 28న ఠాగూర్ తన చేత్తోనే పాటను ఇంగ్లీషులో రాసి, 'ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అని పేరు పెట్టి, తేదీ వేసి కాలేజీకిచ్చారు. అది అక్కడ రోజువారీ ప్రార్థన అయింది. దేశం దాన్ని జాతీయగీతంగా ప్రకటించింది 1950 జనవరి 24న. మదనపల్లె పిల్లలు ముప్పై ఏళ్లు ముందున్నారు.

జనగణమన బాణీ ఇక్కడే పుట్టిందని మా ఊళ్లవాళ్లు వేదికలెక్కి చెబుతుంటారు. అంత దూరం పోవక్కర్లేదు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్‌లో ఆ పాట పాడారు, బాణీ లేకుండా ఎలా పాడతారు? స్వరలిపి మనది, ఇంగ్లీషు మాటలు మనవి. అది చాలదా?

ఇంకొక సంగతి నన్ను వదలదు. ఆ బుధవారం పాడిన మనిషి ఇంకా 'సర్' రవీంద్రనాథే. ఏడు వారాలు తిరక్కుండా ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్. మే నెలాఖరుకు ఆ బిరుదును వైస్రాయ్ ముఖాన తిప్పికొట్టారు. పాటలో వచ్చే మొదటి ప్రాంతం పేరు పంజాబే. మదనపల్లెలో ఆ పేరు పలికినప్పుడు అదొక రాష్ట్రం పేరు మాత్రమే.

కజిన్స్ దంపతులకు ఈ నేల పట్టుకుంది. జేమ్స్ 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు.

ఇక్కడినుంచి కథ నా చేతిలో నిలవదు. ఆరోగ్యవరం గురించి రాయాలి. అదొక క్షయ ఆస్పత్రి, డెన్మార్క్ డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ నడిపింది. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలైన చోట్లలో ఇదొకటి. రిషీవ్యాలీ బడి గురించి రాయాలి. అంతలో నీరుగట్టువారిపల్లె అడ్డొస్తుంది. ఒక పక్క పట్టుచీరల మగ్గాల చప్పుడు, ఇంకో పక్క తెల్లారకముందే టమోటా మండీ. క్రేటు మీద క్రేటు పేర్చి, పైన ఒక వరుస పండ్లు ఎర్రగా కనబడేట్టు సర్దుతారు. వేలం పాడేవాడు ఒక పండు నొక్కి చూస్తాడు, రైతు ఆ బొటనవేలి వంకే చూస్తాడు. 2023 జూలైలో కిలో రెండొందల దాకా పోయింది. అదే పండు రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లూ నేను చూశాను.

పుంగనూరుకు పోతే జమీందార్ల కోట కంటే ఆవే ముందు గుర్తొస్తుంది. నడుమెత్తు కూడా ఉండదు, పాలలో వెన్న దండి. ఒకప్పుడు పట్టించుకునే దిక్కులేక అంతరించేదాకా వచ్చింది, ఇప్పుడు నగరాల్లో బంగ్లాల ముందు ముద్దుగా పెంచుతున్నారు. కుప్పంలో మూడు భాషలు ఒకే టీ బంకు దగ్గర వినబడతాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ పెట్టడం అందుకు తగ్గట్టే ఉంది. పాలారు ఆంధ్రలో పారేది 33 కిలోమీటర్లే, అదీ ఆ మూలనే. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాకు పోయింది, అప్పట్లో పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే ఉండిపోయాయి.

ఊరు ఉన్నచోటే ఉండి జిల్లా మారినట్టే బెల్‌గ్రేడ్‌కూ జరిగిందని మేనల్లుడికి చెప్పాను. ఠాగూర్ చూసినప్పుడు అదొక రాజ్యానికి రాజధాని. 1961లో అలీన దేశాల మొదటి సదస్సుకు నెహ్రూ వెళ్లేసరికి యుగోస్లావియాకు. ఇప్పుడు సెర్బియాకు. ఊరు కదల్లేదు, గీతలే కదిలాయి.

"సరే మామా, రెండూ చూస్తాం. ముందు మీ ఊరే. బాహుదాలో నీళ్లెప్పుడుంటాయో చెప్పు."

"నవంబరులో తుపాను పడితే ఉంటాయి. 2021లో వచ్చిన నీళ్లు కిందకు పోయి చెయ్యేటిలో కలిసి, అన్నమయ్య ప్రాజెక్టు కట్టనే తెంచేశాయి. పడకపోతే ఇసుకే."

"బెల్‌గ్రేడ్ టిక్కెట్లు నవంబరుకే తక్కువున్నాయి."

"అయితే అక్టోబరు ఆఖరుకు రా. ఇసుకలో నడవొచ్చు."