సొంత కణజాలంతో ముఖం: పుణె ముక్కు నుంచి కొవ్వు ఫిల్లింగ్ దాకా

ప్రాచీన భారత విజ్ఞానంపై ప్రశ్న వస్తే సుశ్రుతుడు, ముక్కు శస్త్రచికిత్స అని రాసి ముందుకెళ్తాం. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది 18వ శతాబ్దపు పుణె.

మూడో ఆంగ్లో-మైసూరు యుద్ధం (1790-92) అనగానే కారన్‌వాలిస్, శ్రీరంగపట్నం సంధి గుర్తొస్తాయి. అదే యుద్ధంలో ఆంగ్ల సైన్యానికి ఎడ్లు తోలే కావస్‌జీ టిప్పు సైన్యానికి చిక్కాడు. ముక్కు, ఒక చేయి నరికేశారు. ఏడాది తర్వాత పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకరు అతనికి కొత్త ముక్కు పెట్టారు. మైనపు రేకును ముక్కు ఆకారంలో మలిచి, నుదుటిపై పరిచి, ఆ కొలతకు చర్మం కోసి కిందికి తిప్పారు. కనుబొమల మధ్య సన్నని కాడను మాత్రం కోయలేదు. దాని గుండానే రక్తం అందుతుంది. అతుక్కున్నాక, సుమారు 25వ రోజున, కాడ తెంచారు. (సుశ్రుతుడు చెప్పింది చెంప చర్మం, ఇక్కడ నుదురు. ప్రిలిమ్స్‌కి ఈ తేడా పనికొస్తుంది.)

1794లో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ ఈ కథ అచ్చేసింది. అది చదివిన కార్‌ప్యూ 1814లో లండన్‌లో ఇదే పద్ధతిలో ఆపరేషన్ చేసి, 1816లో పుస్తకం రాశాడు. కావస్‌జీ పేరు, కార్‌ప్యూ పేరు మిగిలాయి. కోసిన చేతి పేరు ఆ కథనంలో లేదు. మన ఆన్సర్లలో ఆయనకు ఒక్క వాక్యమైనా ఇవ్వాలి.

1893లో జర్మన్ సర్జన్ న్యూబర్ చేతి నుంచి కొవ్వు తీసి ముఖంపై గుంటపడిన మచ్చలో నింపాడు. ఇక్కడ కాడ ఉండదు; కొత్త రక్తనాళాలు పుట్టేదాకా కొవ్వు చుట్టుపక్కల కణజాలం నుంచే ఆహారం పీల్చుకోవాలి. అందుకే చిన్న ముక్కలే బతికాయి, పెద్దవి లోపల చచ్చిపోయాయి. హీట్ ట్రాన్స్‌ఫర్ చదివినవాళ్లకు ఇది తెలిసిన లెక్కే: పరిమాణం పెరిగేకొద్దీ దానితో పోలిస్తే ఉపరితలం తగ్గుతుంది.

1899 తర్వాత కొవ్వును పక్కనపెట్టి పారాఫిన్ ఎక్కించారు. గడ్డలు కట్టి ముఖాలు పాడయ్యాయి. లైపోసక్షన్ వచ్చాక కొవ్వు మళ్లీ తెరపైకి వచ్చింది. 1990లలో న్యూయార్క్ సర్జన్ కోల్‌మన్ దాన్ని శుద్ధి చేసి, సన్నని గొట్టంతో చిన్న చిన్న బిందువులుగా వేర్వేరు దారుల్లో పెట్టే పద్ధతిని స్థిరపరిచాడు. అయినా కొంత భాగం కరిగిపోతుంది. పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే చూపు పోవచ్చు. అందం కోసం చేయించుకునేవాళ్లకు మొదట చెప్పాల్సింది ఇదే.