పుప్పొడి గుట్టు విప్పిన రోగులు

1819లో జాన్ బోస్టాక్ అనే డాక్టరు లండన్ వైద్యసంఘంలో ఒక రోగి కథ చదివాడు. ఎనిమిదో ఏట నుంచి జూన్ రాగానే కళ్ల దురద, తుమ్ములు, ఆయాసం. ఆ రోగి ఆయనే. రక్తం తీయించుకున్నాడు, నల్లమందు, పాదరసం మింగాడు, చన్నీళ్లలో మునిగాడు. ఫలితం శూన్యం. తొమ్మిదేళ్లు వెతికినా అలాంటివాళ్లు 28 మందే దొరికారు. ఎండుగడ్డి వల్లే ఇదంతా అని జనం అనేవారు. హే ఫీవర్ పేరు అలా వచ్చిందే. బోస్టాక్ మాత్రం తప్పంతా ఎండదే అన్నాడు. జనమే నిజానికి దగ్గరగా ఉన్నారు.

అది తేల్చినవాడు మాంచెస్టర్‌కు చెందిన హోమియో వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ. ఆయనా బాధితుడే. చేతి మీద చర్మం గీకి పుప్పొడి రాసుకుంటే దద్దురు లేచింది. గాజు పలకలకు జిగురు పూసి, గాలిపటాలకు కట్టి ఎగరేశాడు. కింద కంటే పైగాలిలోనే పుప్పొడి ఎక్కువ చిక్కింది. పొలాలకు దూరంగా ఊళ్లో ఉన్నవాళ్లకూ తుమ్ములెందుకో అప్పుడు తెలిసింది. 1873లో అచ్చయిన ఆయన పుస్తకం డార్విన్‌నూ మెప్పించింది. రైతులకు ఈ జబ్బు అరుదని కూడా ఆయన గమనించాడు. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు వీరుడు ఆయనే.

1911లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ సూదిమందుగా ఇచ్చాడు. పుప్పొడిలో విషం ఉందన్నది ఆయన నమ్మకం. అది తప్పు, వైద్యం మాత్రం ఒప్పు! నేటి ఇమ్యునోథెరపీకి మూలం అదే.

పుప్పొడి అందరికీ ఒకటే అయినప్పుడు కొందరికే ఎందుకు పడదు? 1921లో ప్రౌస్నిట్జ్ అనే వైద్యుడు, చేపలు పడని తన సహచరుడు క్యుస్ట్నర్ రక్తరసాన్ని తన చర్మంలోకి ఎక్కించుకుని, మర్నాడు అదే చోట చేప సారం పొడిపించుకున్నాడు. దద్దురు లేచింది. గుట్టు రక్తంలో ఉందని రుజువైంది. ఆ పదార్థం ఐజీఈ అనే యాంటీబాడీ అని 1960లలో తేలింది. అది అంటిపెట్టుకున్న కణాల మీద పుప్పొడి పడితే, దురద, తుమ్ములు తెప్పించే హిస్టమిన్ ఊడిపడుతుంది. దాన్ని అడ్డుకునే మందులకు బాట వేసిన డానియెల్ బోవేకు 1957లో నోబెల్ దక్కింది. తొలి మాత్రలు వేసుకుంటే నిద్ర ముంచుకొచ్చేది, తర్వాతివాటితో ఆ బాధ తగ్గింది. ముక్కు దిబ్బడకు మాత్రల కన్నా స్టెరాయిడ్ స్ప్రే మేలు. అయితే రోజూ కొట్టుకోవాలి, పూత కాలానికి ముందే మొదలుపెట్టాలి.

మన పొలంగట్ల మీద, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ పుప్పొడీ ఇదే పని చేస్తుంది. పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని, వేళ్లతో సహా పీకేయండి.