గోల్డెన్ త్రెషోల్డు గృహచరిత్ర

మన సైదాబాదునుండి మూసీనది దాటి, ఆబిడ్సు మీదుగా నాంపల్లి స్టేషనునకు పోవు దారిలో గోల్డెన్ త్రెషోల్డు అను పాత బంగళా కలదు. బంగారు గడప యని ఆ పేరునకు అర్థము. గడపకు బంగారు రేకు తాపుటచే గాక, ఒక గ్రంథమువలన ఆ యింటికి ఈ పేరు కలిగినది.

ఇది డాక్టర్ అఘోరనాథ చటోపాధ్యాయులవారి నివాసము. వంగదేశీయులగు వీరు ఎడింబరోలో డాక్టరు పట్టమునంది, ఈ నగరమునకు వచ్చి, విద్యావ్యాప్తికి పాటుపడి, నిజాం కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిరి. వీరి పుత్రిక సరోజినీదేవి 1879లో ఇచ్చటనే జన్మించిరి. 1898లో కులభేదమును పాటింపక డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడుగారిని వివాహమాడి తెలుగింటి కోడలైరి. 1905లో లండనునందు వెలువడిన ఆమె ఆంగ్ల కవితాసంపుటి పేరే ఈ గృహమునకు నిలిచినది. 1908లో మూసీ వరద నగరమును ముంచినపుడు ఆమె బాధితులకు సేవచేసిరి.

ఇల్లు కట్టి చూడుమని సామెత. కట్టిన యింటిని లోకమునకు విడుచుట అంతకంటెను కష్టము. సరోజినీదేవి కుమార్తె పద్మజానాయుడుగారు ఆ పని చేసిరి. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము తొలిదినములలో ఈ యింటనే నడచి, పిమ్మట గచ్చిబౌలికి తరలెను. రంగస్థల కళాభ్యాసమునకును ఈ గృహము నెలవైనది.

సొంతమని దాచుకొనిన యిల్లు ఒక వంశముతో ముగియును. చదువునకిచ్చిన యిల్లు తరతరములకు చెందును. గ్రంథాలయమునకు స్థలమో, పుస్తకమో ఇచ్చిన ప్రతివారి గడపయు బంగారు గడపయే.