తరగతి గదిలో తెర వెలిగిన ప్రతిసారీ

బడిలో సాంకేతికత అనగానే మన చర్చ ట్యాబ్‌తో మొదలై ట్యాబ్‌తోనే ముగుస్తోంది. కానీ ఈ దేశంలో పల్లె పిల్లల ముందు తెర వెలిగి అర్ధ శతాబ్ది గడిచింది. ఆ చరిత్ర తెలియకుండా నేటి పథకాలను తూచలేము.

1975 ఆగస్టు 1న ‘సైట్’ ప్రయోగం ప్రారంభమైంది. అప్పటికి అత్యవసర పరిస్థితి విధించి నెల రోజులు దాటింది. విక్రమ్ సారాభాయ్ కలగన్న పథకమది. 1969లోనే అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఒప్పందం కుదిరింది; ఫలితం చూడకుండానే 1971లో ఆయన కన్నుమూశారు. నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం గంటన్నర సేపు బడిపిల్లలకు కేటాయించి, హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ భాషల మధ్య దానిని సమానంగా పంచారు. ఒక్కో భాషకు దక్కింది ఇరవై రెండున్నర నిమిషాలే. అయినా రాజధానిలో వండిన పాఠాన్ని అనువదించి వడ్డించడం కన్నా అది మేలైన ఏర్పాటు. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లోనే తయారయ్యేవి.

సాయంత్రపు ప్రసారాల మాట వేరు. పత్రికలపై సెన్సార్‌షిప్ ఉన్న ఆ కాలంలో టెలివిజన్ పూర్తిగా ప్రభుత్వ గొంతుక. సైట్‌ను కీర్తించేవారు ఈ సంగతిని సాధారణంగా దాటవేస్తారు.

అయినా ఆ ప్రయోగంలో రెండు పనులు సవ్యంగా జరిగాయి. బడి సెలవుల్లో అదే తెరను వాడుకొని దాదాపు యాభై వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. మానవశాస్త్ర పరిశోధకులు గ్రామాల్లో నివాసముండి, టీవీ వచ్చాక అక్కడేమి మారిందో, ఏమి మారలేదో నమోదు చేశారు. ఏడాది గడువు తీరగానే, 1976 జూలై 31న ప్రసారాలు ఆగాయి. ఉపగ్రహం మనది కాదు. దాని యజమాని దానిని వెనక్కి తీసుకుపోయాడు.

1984లో కంప్యూటర్ వంతు వచ్చింది. ‘క్లాస్’ పథకం కింద సుమారు 250 పాఠశాలలకు బ్రిటన్‌లో రూపొందిన బీబీసీ మైక్రో యంత్రాలు చేరాయి. యంత్రమూ పరాయిదే, దాని భాషా పరాయిదే. మూడేళ్ల తరువాత అదే కేంద్ర ప్రభుత్వం ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ పేరుతో ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని సంకల్పించింది. నల్లబల్ల కోసం జాతీయ పథకం పెట్టవలసిన దేశంలో ముందుగా వచ్చింది కంప్యూటర్!

నికొలస్ నెగ్రోపాంటే ప్రతిపాదించిన వంద డాలర్ల ల్యాప్‌టాప్‌ను 2006లో కేంద్ర విద్యాశాఖ తిరస్కరించింది. గదులకు, ఉపాధ్యాయులకు వెచ్చించవలసిన సొమ్మును యంత్రాలకు మళ్లించరాదన్న ఆ వైఖరి సరైనదేనని నా అభిప్రాయం. కానీ అది నిలవలేదు. 2011 అక్టోబరు 5న కపిల్ సిబల్ ‘ఆకాశ్’ ట్యాబ్‌ను ఆవిష్కరించారు. ప్రధానంగా కళాశాల విద్యార్థుల కోసం ఉద్దేశించిన ఆ పరికరాన్ని బిగించింది హైదరాబాద్‌లోనే. చవక అన్నదే దాని గుణం, అదే దాని లోపం. తాకితే సరిగా పలకని తెర, త్వరగా నీరసించే బ్యాటరీ. మరుసటి ఏడాదే దాని స్థానంలో ‘ఆకాశ్-2’ను తేవలసి వచ్చింది.

ఆ తరువాత పరికరం ఎన్నికల సరుకైంది. తమిళనాడులో జయలలిత, ఉత్తరప్రదేశ్‌లో అఖిలేశ్ యాదవ్ ల్యాప్‌టాప్‌లు పంచారు. యూపీ యంత్రాన్ని తెరిస్తే తండ్రీకొడుకుల బొమ్మలు దర్శనమిచ్చేవి. 2022 డిసెంబరు 21న, అంటే ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి పుట్టినరోజున, ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. వాటిలోని పాఠాలు బైజూస్ అనే ప్రైవేటు సంస్థవి. 1976లో ఉపగ్రహం పరాయిదైనా పాఠం మనది. ఈసారి ఆ పాఠం కూడా చేజారింది.

2024 జూలైలో బెంగళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్ ఆ సంస్థపై దివాలా ప్రక్రియకు ఆదేశించింది. ట్యాబ్ అందుకున్న పిల్లలు అప్పటికి పదో తరగతికి వచ్చారు.