సూత్రధారుడును నటియును

శూద్రకుని మృచ్ఛకటికము చదివినవారికి దాని ప్రస్తావన జ్ఞాపకముండును. సూత్రధారుడు చాలసేపు సంగీతాభ్యాసము చేసి, ఆకలితో కన్నులు తిరుగుచుండగా ఇల్లు చేరును. ఇంట ఘనమైన సన్నాహమేదో సాగుచుండును. తినుటకేమైన గలదాయని భార్యనడుగును. ఆమె కొంతసేపు ఏడిపించి, తుదకు తాను సుందరుడైన మగనికొఱకై వ్రతము పట్టితినని చెప్పును. ఈ లోకమందా, పరలోకమందా యని ఇతడడుగును. పరలోకమందని ఆమె. నా యన్నము ఖర్చుపెట్టి పరలోకపు మగని వెదకుచున్నదని ఇతడు మండిపడును. ఆ భార్యయే నటి.

కాళిదాసు శాకుంతలములో నటి గ్రీష్మర్తువును గూర్చి పాడగా, ఆ పాటలో మైమఱచి సూత్రధారుడు తామాడవలసిన నాటకమేదో మఱచిపోవును. జ్ఞాపకము చేయునది ఆమెయే. శ్రీహర్షుని రత్నావళిలో నటి, దూరదేశపు వరునికిచ్చిన తన బిడ్డ పెండ్లిని తలచుకొని దిగులుపడును. ఇట్లు మన పూర్వులు రాజుల కథలకు ముందు ఆలుమగల సంసారమునే రంగముమీదికి తెచ్చిరి. నాట్యశాస్త్రమునందు భరతముని కైశికీవృత్తి పురుషులవలన మాత్రము కాజాలదని విన్నవింపగా, బ్రహ్మ అప్సరసలను సృజించి యిచ్చెనని కలదు. కావున స్త్రీ రంగమెక్కుట శాస్త్రవిరుద్ధమని చెప్పువారు శాస్త్రము చూడలేదని నా మనవి.

అయినను మన ఆధునిక నాటకము తలయెత్తినప్పుడు ఆ నటి కానరాలేదు. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ వ్యవహార ధర్మబోధినిని విద్యార్థులచేత ఆడించిరి. 1892లో విజయనగరమున కన్యాశుల్కము ప్రదర్శింపబడెను. ఆపై ఊరూర నాటకసమాజములు వెలసినవి. వానిలో సామాన్యముగా స్త్రీవేషములు మగవారివే. మన విశాఖ మండలపు తూర్పు భాగవతమునందును జడ వేసికొని వచ్చు సత్యభామ పురుషుడే. స్థానం నరసింహారావుగారు (1902-1971) శ్రీకృష్ణ తులాభారమున సత్యభామగా నిలిచినప్పుడు, చూచుచున్నది మగవానినని జనము మఱచెడివారట. ఆ విద్యకు నమస్కరింపవలసినదే. కాని ఆ మెప్పు చాటున ఒక లోపము దాగియుండెను. ఇంటి యాడువారు రంగమెక్కినచో కులమునకు మచ్చయని భయము. ఆ భయముననే ఆడుదాని కన్నీరును మగవానిచేత కార్పించితిమి.

దీనికి మినహాయింపు సురభివారు. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధతో ఆరంభమైన ఆ కుటుంబములలో భర్త, భార్య, బిడ్డలు అందఱును వేషధారులే. అయితే అది వారి జీవనోపాధి. జీతముకోరక, ఊరికొఱకు, ఇంటిపని ముగించుకొని వచ్చి నాటకమాడు గృహిణి సంగతి వేఱు. అట్టివారికి దారి చూపినవారిలో బళ్లారి రాఘవగారు (1880-1946) ముఖ్యులు. ఆయన వృత్తిచేత న్యాయవాది. స్త్రీపాత్రను స్త్రీయే ధరింపవలెనని పట్టుబట్టిరి. కొమ్మూరి పద్మావతీదేవిగారు ఆయన సరసన నటించి, తక్కినవారి నోళ్లకు జంకక నిలిచిరి.

ఆలుమగలు జతగా కదలుట ప్రజానాట్యమండలితో విస్తరిల్లెను. 1943 అది. వంగదేశమున క్షామము లక్షలమందిని మ్రింగుచుండెను. బొంబాయిలో భారత ప్రజానాట్యసంఘము వెలసెను. మన దేశమున డాక్టరు గరికపాటి రాజారావుగారు మొదలైనవారు ప్రజానాట్యమండలిని నడిపిరి. వీరిది కమ్యూనిస్టు మార్గము. ఆ మతము నాకు సమ్మతమా యన్నది ఇచ్చట ప్రస్తుతము కాదు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు వ్రాసిన ముందడుగు, మా భూమి నాటకములను వారు పల్లెపల్లెకు కొనిపోయిరి. ప్రభుత్వపు నిషేధములనుగూడ చవిచూచిరి.

మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిగారిని చాలమంది 1957 నాటి మాయాబజారులోని కర్ణునిగా నెఱుగుదురు. అంతకు ముందాయన ఈ మండలి కార్యకర్త. ఆయన భార్య సీతారత్నముగారును ఆ మండలి కళాకారిణియే. సినిమాలలో చేరిన పిదపను ఆయన తెలుగువారి జానపద కళారూపములను గూర్చి పెద్ద గ్రంథము వ్రాసి, 2011లో దివంగతులైరి. ఆయన పేరు పుస్తకములపై నిలిచినది. ఆమె పేరు ఆయన చరిత్రలో ఒక వాక్యముగా మిగిలినది. నటీనటుల చరిత్రలు వ్రాయువారు ఈ సంగతి గమనింపవలెను.

బుర్రకథలో ముందు నిలుచువాడు తంబుర మీటుచు, వ్రేళ్ల అందెలు మ్రోగించుచు కథ నడుపును. ఇరుప్రక్కల వంతలు డక్కీలు వాయింతురు. గజ్జెలు కట్టి గొంతెత్తి చిందువేయు ఈ పని మగవారిదని జనమెంచియుండగా, మోటూరి ఉదయముగారు మొదలైన స్త్రీలు దళముగా నిలిచి కథ చెప్పిరి. ఆమె భర్త హనుమంతరావుగారు ఆ యుద్యమపు నాయకులలో ఒకరు. కొండపల్లి కోటేశ్వరమ్మగారి కథ మఱింత కఠినమైనది. ఆమె బాలవితంతువు. కొండపల్లి సీతారామయ్యగారిని పునర్వివాహమాడి, ప్రజానాట్యమండలిలో పాడిరి, ఆడిరి. పిమ్మట భర్త ఆమెను విడిచి వేఱైరి. ఆమె నిర్జన వారధి యను స్వీయచరిత్ర వ్రాసి, 2018లో నూఱేండ్లు నిండినపిమ్మట మన విశాఖపట్టణముననే కన్నుమూసిరి. జతగా రంగమెక్కినవారెల్ల జతగా నిలువలేదు. అది దాచి చెప్పుట చరిత్ర కాదు.

ఇక మన అనకాపల్లి ప్రాంతపు ముచ్చట యొకటి. నేను బడిపంతులుగా నున్న కాలమున చుట్టుపట్ల ఒక పల్లెలో నాతోడి ఉపాధ్యాయుడొకడు, అతని భార్య, ఊరివారిని కూడగట్టి హరిశ్చంద్ర ఆడుచుండిరి. బెల్లపు గానుగలు ఆడు దినములలో ఒద్దికలకు మనుష్యులు చిక్కరు. రాత్రి గానుగ చల్లారిన పిదప లాంతరు పెట్టుకొని పద్యములు వల్లించెడివారు. మొదట చంద్రమతి వేషమునకు పట్టణమునుండి నటిని పిలిపించుట వాడుక. ఒక యేడు ఆ డబ్బు కూడలేదు. ఆమెయే వేసెదననెను. పెద్దలలో ఒకరు, మన పంతులమ్మ ముఖమునకు రంగా, యని లేచిపోయిరి.

ఆ రాత్రి కాశీ వీథిలో హరిశ్చంద్రుడు భార్యను అమ్మకమునకు నిలువబెట్టెను. కొనుడని పిలువవలసిన చోట నా మిత్రుని గొంతు పూడుకొనిపోయెను. నాలుగు నిముషములు హార్మోనియము ఊరక శ్రుతి యిచ్చుచుండెను. అప్పుడామె, తల వంచియే, అతనికి మాత్రము వినబడునట్లు అందించవలసిన మాట అందించెను. అతడు పద్యమెత్తుకొనెను. లేచిపోయిన పెద్దాయన పందిరి వెనుక, చీకటిలో, కండువా నోటికడ్డము పెట్టుకొని నిలుచుండుట నేను చూచితిని. మఱుసటి యేడు ఒద్దికలకు లాంతరు నూనె ఆయన ఇంటినుండియే వచ్చెను.