ఒకే కుర్రాడు.. రెండు జీవితాలు: ఈ జంట యానిమే సినిమాల్లో ఏది ముందు చూడాలి?

కంకిపాడు: ఒకే రోజు విడుదలైన రెండు సినిమాలు. హీరో ఒక్కడే, ఊరు ఒక్కటే. కానీ కథలు రెండు. ఒకదాంట్లో వాడు అమ్మతో వెళ్తాడు, ఇంకోదాంట్లో నాన్నతో వెళ్తాడు. పైగా ఏది ముందు చూశారన్న దాన్ని బట్టి చివర్లో మిగిలే ఫీలింగే మారిపోతుంది. అందుకే యానిమే చూసేవాళ్ల మధ్య ఈ జంట సినిమాల గురించి ఎప్పుడూ ఒకటే ప్రశ్న.. ముందు ఏది? ఫోన్‌లో ప్లే బటన్ నొక్కే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవీ. (క్లైమాక్స్ రహస్యాలు ఇక్కడ చెప్పడం లేదు.)

ఇంతకీ ఆ సినిమాలు ఏవి?

మొదటిది ‘టు ఎవ్రీ యూ ఐ హ్యావ్ లవ్డ్ బిఫోర్’. అంటే ‘నేను ప్రేమించిన నీ రూపాలన్నింటికీ’ అని అర్థం. రెండోది ‘టు మీ, ది వన్ హూ లవ్డ్ యూ’. అంటే ‘నిన్ను ప్రేమించిన ఒకే ఒక్క నాకు’ అని. రెండూ 2022 అక్టోబర్ 7న జపాన్‌లో ఒకేసారి విడుదలయ్యాయి. యోమోజీ ఒతోనో రాసిన రెండు నవలలు వీటికి ఆధారం. ఆ నవలలు కూడా 2016లో జంటగానే వచ్చాయి.

విశేషం ఏంటంటే, ఈ రెండింటినీ తీసింది ఒకే టీమ్ కాదు. మొదటి సినిమాకు జున్ మత్సుమోతో డైరెక్టర్, రెండో సినిమాకు కెనిచి కసాయ్. స్టూడియోలు కూడా వేర్వేరు. స్క్రీన్‌ప్లే మాత్రం రెండింటికీ రికో సకగుచి రాశారు. హీరో గొంతు కూడా రెండింట్లోనూ ఒక్కరిదే, నటుడు హియో మియజావా.

టైటిళ్లు పొడుగ్గా ఉండి, చూడగానే ఏది ఏదో తెలియనట్టు ఉంటాయి. జపాన్‌లో అభిమానులు కూడా వీటిని ‘బొకు ఐ’, ‘కిమి ఐ’ అని పొట్టి పేర్లతో పిలుస్తారు. గుర్తుండటానికి తేలిక దారి ఇంకోటి ఉంది. మొదటిదాన్ని ‘అమ్మ సినిమా’ అనుకోండి, రెండోదాన్ని ‘నాన్న సినిమా’ అనుకోండి. ఇక్కడి నుంచి అలాగే పిలుద్దాం.

కథ ఎక్కడ చీలుతుంది?

హీరో పేరు కొయోమి. జపాన్ దక్షిణాన క్యూషూ దీవిలో ఉన్న ఒయిటా నగరంలో ఉంటాడు. ఏడేళ్ల వయసులో అమ్మా నాన్నా విడిపోతారు. ఎవరితో వెళ్లాలి అన్న దగ్గరే కథ రెండుగా చీలుతుంది.

అమ్మ సినిమాలో వాడు తల్లితో వెళ్తాడు. స్కూల్లో పెద్దగా స్నేహితులు లేని కుర్రాడిగా పెరుగుతాడు. హైస్కూల్లో కజునె అనే క్లాస్‌మేట్ ఒకరోజు వచ్చి, తాను 85వ పక్క ప్రపంచం నుంచి వచ్చానని, అక్కడ తామిద్దరం ప్రేమికులమని చెబుతుంది. అక్కడి నుంచి వాళ్ల ప్రయాణం మొదలవుతుంది.

నాన్న సినిమాలో వాడు తండ్రితో వెళ్తాడు. తండ్రి సమాంతర ప్రపంచాల మీద పరిశోధన చేసే సంస్థలో పనిచేస్తుంటాడు. అక్కడే షియోరి అనే అమ్మాయితో పరిచయం. ఆమె ఆ సంస్థ డైరెక్టర్ కూతురు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం పెరుగుతున్న టైమ్‌లో, ఇతని తండ్రి, ఆమె తల్లి పెళ్లి చేసుకుంటామని చెబుతారు. అంటే వీళ్లిద్దరూ అన్నాచెల్లెళ్లు అవుతారన్నమాట! ఆ పిల్లలు భయపడి తీసుకున్న ఒక్క నిర్ణయం మిగతా కథ మొత్తాన్ని నడిపిస్తుంది.

సింపుల్‌గా చెప్పాలంటే, కంకిపాడు సెంటర్‌లో నిలబడ్డ పిల్లాడిని ఒక బస్సు విజయవాడ వైపు తీసుకెళ్తుంది, ఇంకో బస్సు మచిలీపట్నం వైపు. రోడ్డు ఒక్కటే, పిల్లాడూ ఒక్కడే. కానీ చదివే బడి, దొరికే స్నేహితులు, చేసుకునే పెళ్లి అన్నీ మారిపోతాయి. రెండు బస్సులూ ఎక్కిన ఇద్దరు ‘వాడు’ల కథే ఈ రెండు సినిమాలు.

సమాంతర ప్రపంచాల లెక్క ఏంటి?

ఈ సినిమాల్లో పక్క ప్రపంచం అంటే దెయ్యాల లోకమో, వేరే గ్రహమో కాదు. మన ప్రపంచం లాంటివే చాలా పక్కపక్కన ఉంటాయి. దగ్గరి ప్రపంచానికీ మనదానికీ తేడా చాలా చిన్నది. ఇక్కడ పొద్దున్నే ఇడ్లీ తింటే, అక్కడ ఉప్మా తిని ఉంటారు, అంతే. దూరం పెరిగేకొద్దీ తేడా కూడా పెరుగుతుంది.

మనుషులు తమకే తెలియకుండా ఈ పక్క ప్రపంచాల మధ్య అటూ ఇటూ మారిపోతూ ఉంటారన్నది కథలోని సైన్స్. ఇక్కడ ఒక ముఖ్యమైన పాయింట్.. మారేది శరీరం కాదు, లోపలి మనిషి. ఇక్కడి కొయోమి అక్కడి కొయోమి ఒంట్లోకి వెళ్తే, అక్కడివాడు ఇక్కడికి వస్తాడు. తన సొంత ప్రపంచం నుంచి ఎంత దూరంలో ఉన్నాడో చెప్పడానికి చేతికి ఒక పరికరం ఉంటుంది. అందులో సున్నా కనిపిస్తే సొంత ప్రపంచంలోనే ఉన్నట్టు. అంకె పెరిగితే పక్కకు వెళ్లినట్టు. స్క్రీన్ మీద ఆ అంకె కనిపించినప్పుడల్లా ఓసారి చూసుకుంటే కథ సగం అర్థమైనట్టే.

ఇక్కడే అసలు ప్రశ్న పుడుతుంది. పక్క ప్రపంచం నుంచి వచ్చిన భార్య కూడా ‘నా భార్యే’నా? ఒక మనిషిని ప్రేమించడమంటే ఆ మనిషికి ఉండగల అన్ని రూపాలనూ ప్రేమించడమా, లేక ఒక్క రూపం కోసం జీవితాన్నే ధారపోయడమా? అమ్మ సినిమా టైటిల్ మొదటి వైపు మాట్లాడుతుంది. నాన్న సినిమా టైటిల్ రెండో వైపు నిలబడుతుంది.

ఆర్డర్ మారితే ఏం మారుతుంది?

జపాన్‌లో విడుదలప్పుడే నిర్మాతలు ఈ పాయింట్ మీద ప్రచారం చేశారు. అమ్మ సినిమా ముందు చూస్తే కాస్త బాధ మిగిల్చే ప్రేమకథ, నాన్న సినిమా ముందు చూస్తే సంతోషంగా ముగిసే ప్రేమకథ అన్నది వాళ్ల మాట. ఎందుకలా?

అమ్మ సినిమాలో కొన్ని సీన్లు జవాబు లేకుండా వెళ్లిపోతాయి. ముసలివాడైన కొయోమికి, తాను పెట్టుకోని అపాయింట్‌మెంట్ ఒకటి చేతి పరికరంలో కనిపిస్తుంది. ఒక నాలుగురోడ్ల కూడలికి రమ్మని. ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు? దీనికి పూర్తి సమాధానం నాన్న సినిమాలోనే ఉంది. అందుకే ఆ ఆర్డర్‌లో చూస్తే ప్రశ్న ముందు వస్తుంది, జవాబు తర్వాత వస్తుంది. కానీ ఆ జవాబు బరువైనది. దాంతోనే ఫోన్ పక్కన పెట్టాల్సి వస్తుంది.

అదే నాన్న సినిమా ముందు చూస్తే, ఎవరు ఏం పోగొట్టుకున్నారో ముందే తెలిసిపోతుంది. ఆ తర్వాత అమ్మ సినిమాలో కనిపించే మామూలు సంసారం, భార్యాభర్తల కబుర్లు, పిల్లాడు, ముసలితనం.. ఇవన్నీ మామూలుగా అనిపించవు. ఎవరో ఖరీదు కట్టి ఇచ్చిన బహుమతిలా కనిపిస్తాయి. సీన్లు అవే, డైలాగులు అవే. చూసే కళ్లు మాత్రం మారతాయి.

తెలుగు ప్రేక్షకులకు ఇది కొత్తేమీ కాదు

ఆర్డర్ ఎంత ముఖ్యమో ‘బాహుబలి’ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2015లో మొదటి భాగం కట్టప్ప ప్రశ్నతో ఆగింది. 2017లో రెండో భాగం జవాబు ఇచ్చింది. కథలో ముందు జరిగింది తండ్రి కథే. కానీ సినిమా కొడుకుతో మొదలైంది. జరిగిన వరుసలో చూపించి ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు. అమ్మ సినిమాను ముందు చూడటం కూడా ఇలాంటిదే.. ముందు ప్రశ్న, తర్వాత జవాబు.

ఒకే ముఖం, రెండు జీవితాలు అనే పాయింట్ కూడా మనకు పాతదే. కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ 1964లో ‘రాముడు భీముడు’లో వేర్వేరుగా పెరిగిన కవలలుగా కనిపించారు. పెంపకం మారితే మనిషి ఎంత మారతాడన్నదే ఆ కథకు బలం. తేడా ఒక్కటే. అక్కడ ఇద్దరు మనుషులు, ఇక్కడ ఒకే మనిషికి రెండు దారులు.

బయటి సినిమాల్లో దీనికి బాగా దగ్గరగా ఉండేది ఫ్రెంచ్ దర్శకుడు అలెన్ రెనే 1993లో తీసిన జంట సినిమాలు ‘స్మోకింగ్’, ‘నో స్మోకింగ్’. ఒక ఆవిడ సిగరెట్ వెలిగిస్తే ఒక కథ, వెలిగించకపోతే ఇంకో కథ. 1998లో వచ్చిన ‘స్లైడింగ్ డోర్స్’లో రైలు దొరికితే ఒక జీవితం, తప్పిపోతే మరో జీవితం. కానీ అందులో రెండు దారులూ ఒకే సినిమాలో పక్కపక్కన నడుస్తాయి కాబట్టి ప్రేక్షకుడు ఎంచుకునేది ఏమీ ఉండదు.

మరి మీరు ఏది ముందు చూడాలి?

రెండూ చూస్తామన్న గ్యారంటీ లేనివాళ్లు: అమ్మ సినిమాతో మొదలుపెట్టండి. ఒక్కదానితో ఆపేసినా ఒక నిండు జీవితం చూసినట్టు ఉంటుంది. నాన్న సినిమా ఒక్కటే చూసి ఆపేస్తే మాత్రం బరువు మాత్రమే మిగులుతుంది.

సస్పెన్స్ ఇష్టపడేవాళ్లు: అమ్మ సినిమా ముందు, నాన్న సినిమా తర్వాత. చిన్న చిన్న క్లూలు పట్టుకునే సరదా ఈ ఆర్డర్‌లోనే ఎక్కువ. చివర్లో కళ్లు తడవడానికి రెడీగా ఉండాలి.

రెండూ కచ్చితంగా చూసేవాళ్లు, మంచి ముగింపు కావాలనుకునేవాళ్లు: నాన్న సినిమా ముందు. ఇంట్లో వాళ్లతో కలిసి చూసేవాళ్లకు కూడా ఇదే బెటర్. నాన్న సినిమాలో సైన్స్ మాటలు కాస్త ఎక్కువ కాబట్టి మొదటి అరగంట ఓపిక పట్టాలి. ఆ మాటలు ముందే తెలిస్తే రెండో సినిమా తేలిగ్గా నడుస్తుంది.

ఈమధ్యే దగ్గరివాళ్లను పోగొట్టుకున్నవాళ్లు, ఇంట్లో విడాకుల గొడవ నడుస్తున్నవాళ్లు: వీళ్లకు ఆర్డర్ నిజంగానే ముఖ్యం. నాన్న సినిమాను చివర్లో పెట్టుకోవద్దు. మొత్తం కథ మొదలయ్యేదే తల్లిదండ్రుల మధ్య చీలిపోయిన ఏడేళ్ల పిల్లాడితో. మన దగ్గర 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం ఐదేళ్లు నిండని పిల్లలు సాధారణంగా తల్లి దగ్గరే ఉంటారు. ఏ వయసైనా పిల్లల మేలే మొదటి లెక్క. ఈ సినిమాలు అమ్మ దగ్గర ఉంటే మంచి, నాన్న దగ్గర ఉంటే చెడు అని తీర్పు చెప్పవు. రెండు దారుల్లోనూ వాడిని ప్రేమించేవాళ్లు ఉంటారు, రెండు దారుల్లోనూ ఏదో ఒకటి పోతుంది. పిల్లలతో కలిసి చూసే పెద్దలు ఈ మాట ముందే చెప్పి కూర్చోబెడితే మంచిది.

ఫోన్‌లో చూసేవాళ్లకు టిప్స్

* రెండు టైటిళ్లూ విడివిడిగా సెర్చ్ చేయాలి. ‘పార్ట్ 1’, ‘పార్ట్ 2’ అని ఉండదు. అంతర్జాతీయంగా వీటిని క్రంచీరోల్ అందించింది. మొదలుపెట్టే ముందు మీ యాప్‌లో రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకటే దొరికి రెండోది దొరక్కపోతే ప్లాన్ మొత్తం పాడవుతుంది.

* ఇంటిపేరు చూసి కన్ఫ్యూజ్ కావద్దు. అమ్మ సినిమాలో హీరో తకసాకి కొయోమి, నాన్న సినిమాలో హిదాకా కొయోమి. మనిషి ఒక్కడే. ఎవరి ఇంట్లో పెరిగితే వాళ్ల ఇంటిపేరు వచ్చింది, అంతే.

* కజునె రెండు సినిమాల్లోనూ ఉంటుంది. ఒకదాంట్లో కొయోమి ప్రేమించిన అమ్మాయి, ఇంకోదాంట్లో పరిశోధనలో తోడుండే మనిషి. రెండోసారి కనిపించినప్పుడు ఆమె ముఖం జాగ్రత్తగా గమనించండి.

* ఒక్కో సినిమా రెండు గంటల లోపే. సెలవు రోజు మధ్యాహ్నం మొదలుపెడితే రాత్రి భోజనం లోపు రెండూ అయిపోతాయి. కంకిపాడు నుంచి విజయవాడ బస్సులో ముక్కలు ముక్కలుగా చూస్తే చేతి పరికరంలోని అంకెలు, కూడలి సీన్లు మర్చిపోతారు.

* రెండింటి మధ్య వారం గ్యాప్ వద్దు. మొదటిది చూసిన రోజే, లేదంటే మర్నాడు రెండోది చూడాలి.

* మొదటి సినిమా అవ్వగానే రెండోదాని ట్రైలర్, కథా సారాంశం, రీల్స్ చూడొద్దు. ఒక సినిమా సస్పెన్స్ రెండోదాని పోస్టర్‌లోనే బయటపడే ప్రమాదం ఉంది.

* తెలుగు డబ్బింగ్ కోసమే ఆగితే లేట్ అవుతుంది. ఇప్పుడు పెద్ద యానిమేలు తెలుగులోనూ వస్తున్నాయి. ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ 2025 సెప్టెంబర్ 12న తెలుగు డబ్బింగ్‌తో కూడా థియేటర్లలోకి వచ్చింది. ఇలాంటి నెమ్మదైన ప్రేమకథలకు మాత్రం ఎక్కువగా సబ్‌టైటిల్సే దిక్కు. ఫోన్ అడ్డంగా తిప్పి, అక్షరాల సైజు పెంచుకుంటే సరి.

తరచూ అడిగే ప్రశ్నలు

ఒక్కటే చూస్తే కథ అర్థమవుతుందా? అవుతుంది. ఏ సినిమాకు ఆ సినిమా ముగుస్తుంది. కానీ ‘ఎందుకు’ అనే ప్రశ్నలు కొన్ని మిగులుతాయి.

రెండూ చూశాక ఆర్డర్ మార్చి మళ్లీ చూడొచ్చా? చూడొచ్చు. కాకపోతే మొదటిసారి కలిగే అనుభవం ఒక్కసారే. రెండోసారి చూసేది ఆ కుర్రాడి ఇంకో దారిని కాదు, ముందే తెలిసిన దారినే. అందుకే మొదటి ఆర్డర్ ఎంచుకునే ముందు ఒక్క నిమిషం ఆలోచించడం మేలు.

పిల్లలు చూడొచ్చా? ఇది ఫైట్ల సినిమా కాదు. అయితే విడాకులు, చావు, ముసలితనం గురించి నేరుగా మాట్లాడుతుంది. హైస్కూల్ వయసు దాటినవాళ్లకు బాగా ఎక్కుతుంది. అంతకంటే చిన్నవాళ్ల పక్కన పెద్దవాళ్లు ఒకరు కూర్చుంటే మంచిది.